భూమి పంచుతానన్న హుంగ్

1842లో నల్లమందు యుద్ధంలో ఓడిన చైనా మంచూ సర్కారు ఇంగ్లీషువాళ్లకు పరిహారం కట్టింది. ఆ భారం రైతు నెత్తిన పడింది. పైన అధికార్ల లంచాలు సరేసరి.

హుంగ్ సియుచ్వాన్ 1814లో కాంటన్ దగ్గరి పల్లెలో హక్కా రైతు ఇంట పుట్టాడు. సర్కారు కొలువు పరీక్ష నాలుగుసార్లు తప్పి పల్లెబడి పంతులయ్యాడు. జబ్బులో వచ్చిన కలను నమ్మి, తాను ఏసుక్రీస్తు తమ్ముణ్ణన్నాడు. మనకది వింతే. కానీ ఆయన వెంట నడిచింది బొగ్గు కాల్చేవాళ్లు, గని కూలీలు, బీదరైతులు. 1851లో క్వాంగ్సీలో తిరగబడి తైపింగ్ రాజ్యం ప్రకటించారు. 1853లో నాన్‌కింగ్ పట్టుకున్నారు.

ఆ ఏడే భూమి చట్టం రాశారు. 16 ఏళ్లు నిండితే ఆడదానికీ మగవాడికీ సరిసమాన వాటా, పిల్లలకు సగం. నల్లమందు నిషేధం. ఆడపిల్లల పాదాలు బిగించి కట్టడం నిషేధం. అయితే చట్టం పొలం గట్టు దాకా రాలేదు. చాలాచోట్ల పాత భూస్వామే కౌలు గుంజుకున్నాడు. హుంగేమో అంతఃపురం చేరి గడప దాటడం మానేశాడు. 1856లో నాయకులు ఒకర్నొకరు నరుక్కున్నారు. బొగ్గు కాల్చి బతికిన సేనాని యాంగ్‌తో పాటు వేలమంది పోయారు.

1860లో పెకింగ్ వేసవి మహల్ని దోచి తగలబెట్టిన ఇంగ్లీషు, ఫ్రెంచివాళ్లే తర్వాత మంచూల పక్షాన తైపింగుల మీదికి ఫిరంగులు తిప్పారు. 1864 జూన్‌లో ముట్టడిలోనే హుంగ్ చనిపోయాడు. జూలైలో నాన్‌కింగ్ కూలింది. హునాన్ భూస్వాముల అండతో సేన కట్టిన జెంగ్ గోఫాన్, హుంగ్ శవాన్ని తవ్వితీయించి కాల్పించాడు.