సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు దొరగారి చరిత్రము

నేలకొండపల్లి ప్రాంతమున పెరిగిన మన బాలబాలికలకు భద్రాచలమువద్ద గోదావరిపై సాగు పడవలు తెలిసినవే. కాని తెరచాపలు కట్టిన చిన్న పడవలు సాయంకాలమున పందెమాడుట చూచినవారు మనలో అరుదు. చెన్నపట్టణపు రేవులో ఆ క్రీడకు నెలవు కల్పించిన యొక మహనీయుని చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఫ్రాన్సిస్ స్ప్రింగు దొరగారు 1849వ సంవత్సరమున ఐర్లండు దేశమున జన్మించిరి. డబ్లిన్ నగరపు ట్రినిటీ కళాశాలలో చదివి, 1870లో హిందూదేశ ప్రభుత్వపు ఇంజనీరు కొలువున ప్రవేశించిరి. రైలుమార్గముల పనిలో బహుకాలము శ్రమించిరి. దారి మార్చుకొను నదులను వంతెనలక్రిందికి నడుపు గట్లనుగూర్చి 1903లో వారు ప్రకటించిన గ్రంథము ప్రసిద్ధికెక్కెను.

1904లో వారు మద్రాసు పోర్టు ట్రస్టునకు అధ్యక్షులైరి. ఆ తీరము సహజమైన రేవు కాదు. పూర్వము ఓడలు దూరమున నిలువగా, మసూలా పడవలే కెరటములపై ప్రయాణికులను, సరకులను ఒడ్డు చేర్చెడివి. మొదట కట్టిన రాతిగోడలను 1881లో తుపాను పాడుచేసెను. మరల కట్టిన రేవునకు ద్వారము తూర్పుముఖముగా నుండుటచే అలలు లోనికి చొరబడి ఓడలను బాధించుచుండెను. స్ప్రింగు దొరగారు ఆ ద్వారమును మూయించి, ఈశాన్యమున నూతనద్వారమును తెరపించిరి.

ఇంతటి కార్యభారములోను వారు చిన్న పడవలను మరువలేదు. నేడు రాయల్ మద్రాసు యాట్ క్లబ్బు అనబడు సంఘమును 1911లో స్థాపించిరి. ఆ కాలమున ఇట్టి సంఘములు చాలవరకు దొరల వినోదస్థానములే. నేడు మన యువతీయువకులును అచ్చట ఈ విద్య నభ్యసించుచున్నారు.

ఈ పందెమున బలముకంటె బుద్ధి ముఖ్యము. గాలికి ఎదురుగా తెరచాప పడవ తిన్నగా పోజాలదు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మలుపులు తిరుగుచు ముందునకు సాగవలెను. ఒకరు చుక్కాని పట్టగా, వేరొకరు చాపత్రాటిని సవరింతురు. పడవ ఒరిగినపుడు ఇరువురును గాలివైపు అంచున కూర్చుండి తమ బరువుచే దానిని నిలుపుదురు. రెండు పడవలు ఎదురుపడినచో, ఎడమప్రక్కనుండి గాలి తగులు పడవ రెండవదానికి దారి యీయవలెను. ప్రొద్దు వాలి గాలి తగ్గుకొలది, కొద్దిపాటి గాలినైనను వృథాపుచ్చనివారే ముందు గమ్యము చేరుదురు.

దొరగారి కచేరిలో 1912 మార్చి 1వ తేదీన నెలకు 30 రూపాయల జీతముపై ఒక బీద గుమాస్తా చేరెను. ఆయనయే గణితవేత్త శ్రీనివాస రామానుజన్. కచేరిలోని నారాయణ అయ్యరుగారు ఆయన ప్రతిభను గుర్తించిరి. దొరగారును ఆ ప్రతిభను లెక్కల పుస్తకములక్రింద అణగిపోనీయక, పెద్దలకు సిఫారసు చేసిరి. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయము నెలకు 75 రూపాయల వేతనము నొసగెను. 1914 మార్చి 17వ తేదీన రామానుజన్ చెన్నపట్టణపు రేవునుండియే ఇంగ్లండునకు ఓడనెక్కెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

దొరగారు 1919లో ఆ పదవిని విడచి, 1933లో దివంగతులైరి. మహానౌకలకు ద్వారము తెరచిన యాయన, చిన్న పడవకును, చిన్న గుమాస్తాకును చోటొసగెను. అల్పమైనదానియందు నమ్మకముగా నుండుట యననేమో మన విద్యార్థులు ఈ చరిత్రమువలన గ్రహింతురుగాక.