సెలవు రోజుల్లో ఢిల్లీకి నకలు తీసిన మునసబు

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అనగానే అందరికీ అలీగఢ్ విశ్వవిద్యాలయమే గుర్తుకు వస్తుంది. అది సహజమే. అయితే విద్యాసంస్థల స్థాపకుడు కాక ముందు ఆయన మనలాంటి ప్రభుత్వోద్యోగి. బదిలీలు, సెలవులు, పై అధికారుల తనిఖీలు, నెల జీతంతో సంసారం ఈదడం అన్నీ అనుభవించినవారు. అలాంటి ఉద్యోగంలో ఉంటూనే, సెలవు దినాలు వెచ్చించి, ఢిల్లీ నగరంలోని పురాతన కట్టడాలన్నింటినీ బొమ్మలతో సహా ఒక గ్రంథంలోకి ఎక్కించారు. పింఛనుదారులమైన మనం తెలుసుకోదగిన విశేషం అదేనని నా నమ్మకం. అందుకే ఈ ప్రత్యేక సంచికలో ఆయన జీవితంలోని ఆ భాగాన్ని పాఠకుల ముందుంచుతున్నాను.

ఆయన 1817 అక్టోబరు 17న ఢిల్లీలో జన్మించారు. మాతామహులు ఖ్వాజా ఫరీదుద్దీన్ మొగలు చక్రవర్తి రెండవ అక్బర్ షా కొలువులో మంత్రిగా పనిచేసినవారు. అంటే ఎర్రకోట ఆయనకు చిన్ననాటి నుంచి పరిచయమైన చోటు. కాని అప్పటికి చక్రవర్తి అధికారం కోట గోడలు దాటి వెళ్లేది కాదు. అసలు పెత్తనం ఈస్టిండియా కంపెనీది. 1838లో తండ్రి మరణించారు. కుటుంబ భారం మీద పడింది. దర్బారును నమ్ముకుంటే ఇల్లు గడవదని గ్రహించి, బంధువుల అభీష్టానికి భిన్నంగా కంపెనీ న్యాయస్థానంలో ఉద్యోగంలో చేరారు. మొదట శిరస్తదారు పని, తరువాత ఆగ్రా కమిషనరు కచేరీలో నాయబ్ మున్షీ. మునసబు పదవి కోరేవారికి ఉపయోగపడేలా సివిల్ నిబంధనల సంగ్రహం ఒకటి తయారుచేశారు. 1841లో తామే మునసబు అయి మైన్‌పురి వెళ్లారు. మరుసటి ఏడు ఫతేపూర్ సిక్రీకి బదిలీ. 1846లో సొంత ఊరైన ఢిల్లీకి తిరిగివచ్చారు.

శిరస్తదారు, మునసబు, కచేరీ, నకలు అన్న మాటలు మన కార్యాలయాల్లోనూ తరతరాలుగా వాడుకలో ఉన్నవే. కాబట్టి ఆయన పని ఎలాంటిదో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

ఢిల్లీ రావడానికి ముందు ఏడాదే ఆయన అన్నగారు సయ్యద్ మహమ్మద్ ఖాన్ కాలం చేశారు. అన్నగారు ఒక ఉర్దూ పత్రికను, ముద్రణాలయాన్ని నడుపుతుండేవారు. ఆయన పోవడంతో ఇంటికి రాబడి తగ్గింది, పత్రిక బరువు తమ్ముడి మీద పడింది. ఈ పరిస్థితిలో పుట్టిన ఆలోచనే ఢిల్లీ కట్టడాల గ్రంథం. దాని పేరు అసారుస్సనాదీద్. పూర్వపు మహనీయుల ఆనవాళ్లు అని తాత్పర్యం.

కచేరీ పని ఉన్న రోజుల్లో పగలు తీరిక ఉండదు. సెలవులు రాగానే ఆయన నగరం వెలుపలికి బయలుదేరేవారు. ఒక్కోసారి కొన్ని రోజులపాటు బయటనే ఉండేవారు. వెంట పండితుడైన మిత్రుడు ఇమాం బక్ష్ సహబాయి ఉండేవారు. శిథిలాల మధ్య తిరిగి, కొలతలు వేసి, గోడల మీది రాతలకు నకళ్లు తీసుకునేవారు. కుతుబ్ మినారు మీది రాతలు పై అంతస్తులలో ఉండడంతో కింద నుంచి చదవడం సాధ్యం కాలేదు. ఆ కట్టడం ఎత్తు సుమారు 72 మీటర్లు. ఆయన ఏం చేశారంటే, శాసనానికి ఎదురుగా కర్రల నడుమ ఉట్టి వేలాడదీయించి, అందులో కూర్చొని రాతలను దగ్గరగా చూసి ఎత్తి రాసుకున్నారు. ఆయన ఉట్టిలో ఉన్నంతసేపూ కింద నిలబడ్డ సహబాయి గారికి భయంతో ముఖం పాలిపోయేదట. ఆయన జీవిత చరిత్ర రాసిన కవి హాలీ ఈ సంగతి నమోదు చేశారు. నకళ్ల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా నేను ఒక మాట చెప్పగలను. అసలు కాగితం చూడకుండా నకలు రాయకూడదన్న నియమాన్ని ఇంతకంటె కష్టపడి పాటించినవారు అరుదు.

పుస్తకం 1847లో వెలువడింది. అందులో నాలుగు భాగాలు. మొదటిది నగరం వెలుపలి కట్టడాలు, రెండవది ఎర్రకోట, మూడవది షాజహానాబాద్ నగరం, నాలుగవది ఢిల్లీలోని ప్రసిద్ధులు. ఈ చివరి భాగంలో కవులు, పండితులు, వైద్యులు, నేర్పరులైన లేఖకులు, సంగీత విద్వాంసులు ఉన్నారు. అప్పటికి జీవించి ఉన్న మీర్జా గాలిబ్ కూడా అందులో ఉన్నారు. మసీదులు, సమాధులు మాత్రమే కాక అశోక స్తంభం, మెహ్రౌలీ ఇనుప స్తంభం, జంతర్ మంతర్ వంటివీ గ్రంథంలో చోటు చేసుకున్నాయి.

ఇక పుస్తకం రూపురేఖల సంగతి. అందులో నూటికి పైగా బొమ్మలున్నాయి. ఫైజ్ అలీ ఖాన్, మీర్జా షారుఖ్ బేగ్ అనే చిత్రకారులు వాటిని గీశారు. ముద్రణ రాతి అచ్చులో జరిగింది. చదును చేసిన సున్నపురాతి మీద జిడ్డు కలిసిన సిరాతో రాతనో గీతనో ఎక్కిస్తారు. రాతిని తడిపితే ఖాళీ చోట నీరు నిలుస్తుంది. అచ్చు సిరా పూసినప్పుడు అది జిడ్డు ఉన్నచోటే పట్టుకుంటుంది. దాని మీద కాగితం వేసి నొక్కితే ప్రతి సిద్ధమవుతుంది. సీసపు అక్షరాలు పేర్చే పద్ధతిలో ఉర్దూ లిపి వంపులు సరిగా రావు. రాతి అచ్చులో లేఖకుడి చేతిరాత, చిత్రకారుడి గీత రెండూ ఒకే పద్ధతిలో కాగితం మీదికి దిగుతాయి. అందుచేత ఆ పుస్తకంలో మాట, బొమ్మ ఒకే కుటుంబానికి చెందినట్లు కనిపిస్తాయి. బొమ్మలతో వెలువడిన తొలి ఉర్దూ గ్రంథాలలో ఇది ఒకటి.

దీని విలువ తెలియాలంటే మరొక పుస్తకంతో పోల్చి చూడాలి. ఆ రోజుల్లో ఢిల్లీలో కంపెనీ ప్రతినిధిగా ఉన్న సర్ థామస్ మెట్‌కాఫ్ 1844లో నగర కట్టడాల వర్ణచిత్రాలతో తన కుమార్తెల కోసం ఒక ఆల్బం తయారు చేయించారు. చాలా అందమైన ఆల్బం. ప్రస్తుతం అది లండన్‌లోని బ్రిటిష్ గ్రంథాలయంలో ఉన్నది. కాని అది ఒక్కటే ప్రతి, ఒక కుటుంబం కోసం. సయ్యద్ అహ్మద్ ఖాన్ తమ గ్రంథాన్ని ఆ మెట్‌కాఫ్‌కే అంకితమిచ్చినా, దాన్ని అచ్చు వేసి ఊరివారి భాషలో ఊరివారి చేతికి అందించారు. రెండు పుస్తకాల తేడా అదే.

తరువాత ఢిల్లీ కలెక్టరు రాబర్ట్స్ ఈ గ్రంథం ప్రతిని లండన్ తీసుకువెళ్లి రాయల్ ఏషియాటిక్ సొసైటీ వారికి చూపించారు. దాన్ని ఇంగ్లీషులోకి తేవాలన్న సూచన వచ్చింది. ఆ ప్రయత్నంలో భాగంగా సయ్యద్ అహ్మద్ ఖాన్ తమ పుస్తకాన్ని తామే కఠినంగా పరిశీలించుకుని, 1854లో దాదాపు కొత్తగా రాసి రెండవ కూర్పు వెలువరించారు. అలంకారాల భాష పోయి తేట వచనం వచ్చింది. కట్టడాలను కాలక్రమంలో అమర్చారు. శాసనాలకు అనుబంధం చేర్చారు. ప్రసిద్ధుల భాగాన్ని, బొమ్మలను వదిలేశారు. చరిత్రకారులు ఈ రెండవ కూర్పునే ఎక్కువగా వాడుకున్నారు. ఫ్రెంచి పండితుడు గార్సాఁ ద తాసీ దీన్ని తన భాషలోకి అనువదించారు. 1864లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ ఆయనను గౌరవ సభ్యుడిగా ఎన్నుకున్నది. దస్త్రం దృష్టితో చూస్తే రెండవ కూర్పే మేలు అని ఒప్పుకోక తప్పదు. అయినా కళ్లెదుట నగరం నిలబడేది మొదటి కూర్పులోనే.

ఆ బొమ్మల విలువ పదేళ్లకే తేలింది. 1857 తిరుగుబాటు నాటికి ఆయన బిజ్నోరులో సదరమీను. అక్కడి ఆంగ్ల కుటుంబాల ప్రాణాలు కాపాడారు. ఆ సెప్టెంబరులో కంపెనీ సేన ఢిల్లీని తిరిగి పట్టుకున్నప్పుడు ఆయన దగ్గరి బంధువులను సైనికులు చంపివేశారు. కన్నతల్లి అజీజున్నిసా బేగం గుర్రపుశాల పక్క గదిలో తిండీ నీరూ లేక రోజులు గడిపారు. కొడుకు వెతుక్కుంటూ వచ్చి మీరట్ తీసుకువెళ్లినా ఆమె బతకలేదు. ప్రభుత్వం ఆయన సేవకు మెచ్చి నెలకు 200 రూపాయల పింఛను మంజూరు చేసింది. తల్లిని పోగొట్టుకున్న కొడుకు ఆ ఉత్తర్వు ఏ మనసుతో అందుకున్నారో మనం ఊహించుకోవలసిందే.

ఆ తరువాత ఢిల్లీ రూపమే మారిపోయింది. ఎర్రకోట లోపలి భవనాలు చాలా భాగం కూలగొట్టి సైనికుల బ్యారకులు కట్టారు. కోట చుట్టూ ఇళ్లు, బజార్లు నేలమట్టం చేశారు. షాజహాన్ కాలపు అక్బరాబాదీ మసీదు అందులో పోయింది. పుస్తకంలో సయ్యద్ అహ్మద్ ఖాన్ వెంట కూర్చొని పనిచేసిన సహబాయి గారిని కూడా ఆ అల్లర్లలో కాల్చి చంపారు. నాలుగవ భాగంలోని ప్రసిద్ధుల లోకం చెదిరిపోయింది. కట్టడాలకు, మనుషులకు సాక్ష్యంగా 1847 నాటి పుస్తకం మిగిలింది. పురావస్తు శాఖ 1861లో గాని ఏర్పడలేదు. తరువాత ఢిల్లీ కట్టడాల మీద పనిచేసిన కన్నింగ్‌హాం, కార్ స్టీఫెన్ వంటివారు ఆయన కృషిని ఆధారం చేసుకున్నారు. 2018లో రఖ్‌షందా జలీల్ వంటి రచయిత్రుల తరానికే చెందిన రానా సఫ్వీ రెండు కూర్పులనూ ఇంగ్లీషులోకి తెచ్చారు.

మన ప్రాంతంతోనూ ఈ పరంపరకు సంబంధం ఉన్నది. 1914లో ఏర్పడిన నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖకు సారథ్యం వహించిన గులాం యజ్దానీ ఢిల్లీలో పుట్టినవారే. ఆ శాఖలోని సయ్యద్ అలీ అస్గర్ బిల్గ్రామీ హైదరాబాదు, గోల్కొండ కట్టడాలను, వాటి శాసనాలను వివరిస్తూ రాసిన గ్రంథం 1927లో ఇంగ్లీషులో వెలువడింది. చార్మినారు చుట్టూ ఏవేవి ఉండేవో తెలుసుకోదలచినవారు నేటికీ దాన్ని తిరగవేస్తారు. ఆయనా ప్రభుత్వోద్యోగే.

సయ్యద్ అహ్మద్ ఖాన్ 1876లో బనారసులో ఉద్యోగ విరమణ చేసి అలీగఢ్‌లో స్థిరపడ్డారు. అంతకు ముందు ఏడాదే అక్కడ పాఠశాల ప్రారంభించారు. అది కళాశాలగా ఎదిగి 1920లో విశ్వవిద్యాలయమైంది. ఆ కళాశాలకు హైదరాబాదు నుంచి కూడా ధన సహాయం అందింది. కాంగ్రెసు విషయంలో ఆయన తీసుకున్న వైఖరిని ఆనాడూ ఈనాడూ ఒప్పుకోనివారున్నారు. ఆ చర్చకు ఇది చోటు కాదు. 1898 మార్చి 27న కన్నుమూసేవరకు, అంటే పింఛను పుచ్చుకున్న తరువాత ఇరవై రెండేళ్లు, ఆయన పని మానలేదు. అలీగఢ్ కళాశాల మసీదు ఆవరణలోనే ఆయన సమాధి ఉన్నది.

సభ్యులకు నాదొక మనవి. మనలో చాలామందికి పుట్టిన ఊరిలో ఒక పాత కోనేరో, కోట బురుజో, కూలిపోతున్న సత్రమో తెలిసే ఉంటుంది. దాన్ని ఎవరు కట్టించారో, రాతి మీద ఏమున్నదో, ఏ ఏట ఏ భాగం పడిపోయిందో చెప్పగలిగినవారు మన వయసువారే. మన తరువాత అడిగినా చెప్పేవారుండరు. దస్త్రం రాయడం మన చేతికి అలవాటైన పని. మనుమడి చేత నాలుగు ఫొటోలు తీయించి, వివరాలు తేదీలతో సహా ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచితే చాలు. ఉట్టి ఎక్కవలసిన అవసరం మనకు లేదు.