హోనింబో దోసాకు

జపాను దేశమున ‘గో’ అను క్రీడ మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆటపీటపై అడ్డముగను నిలువుగను పందొమ్మిదేసి గీతలుండును. అవి కలియు 361 కూడళ్ళలో ఒకడు నల్లకాయలను, మరియొకడు తెల్లకాయలను వంతులవారీగా ఉంచుదురు. ఒకసారి ఉంచిన కాయను వేరొకచోటికి జరుపరాదు. తన కాయలతో ఎక్కువ చోటును చుట్టుకొన్నవాడే విజేత. ఈ క్రీడకు క్రొత్త త్రోవ చూపిన మహామేధావి దోసాకు.

ఆయన 1645వ సంవత్సరమున ఇవామి సీమలో జన్మించెను. బాల్యముననే ఆట నేర్చి, పిదప నేడు టోక్యో యనబడు ఎదో నగరమును చేరెను. అచ్చట హోనింబో పీఠమునకు మూడవ అధిపతియైన దోయెత్సుకు శిష్యుడయ్యెను. 1677లో తానే నాలుగవ అధిపతి యయ్యెను. ఆటగాండ్రలో అగ్రగణ్యునకు మాత్రమే లభించు ‘మేజిన్’ బిరుదము ఆయనను వరించెను.

ఆ ఘనతయే ఆయనకు కఠినపరీక్షలను తెచ్చిపెట్టెను. గో క్రీడలో బలహీనుడు తన నల్లకాయలను కొన్నింటిని ముందుగానే పీటపై ఉంచుకొనుట ఆచారము. సమానుడు లేని దోసాకు పలుమార్లు ఇట్లు కాయలు విడిచియే ఆడవలసి వచ్చెను. గెలిచినచో అది సహజమందురు. ఓడినచో మేజిన్ పదవికే మచ్చ.

1682లో ర్యూక్యూ రాజ్యమునుండి హమహికా అను ఆటగాడు వచ్చెను. అతడు తన దేశమున మేటి. దోసాకు అతనికి నాలుగు కాయలు విడిచెను. నాలుగు మూలలును ఆరంభమునకు మునుపే నల్లకాయల వశమయ్యెను. ఐనను దోసాకు 14 స్థానముల ఆధిక్యముతో గెలిచెను. మరియొక ఆటలో హమహికాయే జయించెను. దోసాకు ఆ ఓటమికి చిన్నబుచ్చుకొనక, అతని ప్రజ్ఞను మెచ్చి యోగ్యతాపత్రము నొసగెను.

దోసాకు విజయరహస్యమేమి? ఎదుటివాడు పొరబడునని ఆయన కాచుకొని కూర్చుండలేదు. ప్రతి కాయ రెండు మూడు పనులకు ఉపకరించునట్లు ఉంచెడివాడు. ఒకచోట పని ముగిసినంతనే, చిన్న లాభమునకు ఆశపడక, అంతకంటె విలువైన తావునకు పోయెడివాడు. అల్పనష్టమునకు వెరవక పీటనంతటిని ఒక్కచూపున పరికించుట ఆయన నేర్పు. ఏ కాయ అక్కరకు వచ్చినదో, ఏది వ్యర్థమైనదో ఆట ముగిసినపిమ్మట విమర్శించు పద్ధతిని ప్రవేశపెట్టిన ఖ్యాతియు ఆయనదే. ఆటగాండ్రను తొమ్మిది తరగతులుగా విభజించు ఏర్పాటును కూడ ఆయనకే ఆపాదింతురు. ఇద్దరి తరగతులలోని భేదమునుబట్టి విడువవలసిన కాయలను నిర్ణయించుట దీనివలన సులభమయ్యెను.

1683లో యసుయి షుంచి అను సమర్థునకు రెండు కాయలు విడిచి ఆడి, దోసాకు ఒకే ఒక స్థానము తేడాతో ఓడిపోయెను. ఇరువురును లోపమెరుగక ఆడిన ఆ ఆటనే ఆయన తన జీవితమున ఉత్తమమైనదిగా భావించెనని ప్రతీతి. జయమునకంటె ఆటలోని నాణ్యమే ఆయనకు మిన్న.

దోసాకు 1702లో పరమపదించెను. ఆయన ఆడిన ఆటలను గో అభ్యసించువారు నేటికిని శ్రద్ధతో పరిశీలించుచున్నారు. ఎదుటివానికి అనుకూలము నిచ్చి, తన శ్రమచే దానిని అధిగమించువాడే నిజమైన సమర్థుడు.