రాగిరేకులకు గొంతునిచ్చిన రాళ్లపల్లి

గ్రామఫోను రికార్డులను సేకరించేవారికి ఒక భాగ్యమున్నది. పాడినవారు గతించినా వారి కంఠం ఆ రికార్డులో నిలిచి ఉంటుంది. ముల్లు మోపితే చాలు, పాట తిరిగి పలుకుతుంది. రాగిరేకు మీద చెక్కిన పాటకు ఆ భాగ్యం లేదు. అక్షరం మిగులుతుంది; స్వరం మిగలదు. అట్టి మూగపాటల నిధి తెలుగువారికి దొరికినప్పుడు దానికి గొంతునిచ్చినవారిలో ముందుగా చెప్పదగినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు.

శర్మగారు 1893 జనవరి 23న అనంతపురం జిల్లా కంబదూరు ప్రాంతంలోని రాళ్లపల్లిలో జన్మించినారు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే మెట్టసీమ అది. తండ్రి కృష్ణమాచార్యులవారి వద్ద సంస్కృతాంధ్రాలు అభ్యసించినారు. పాటపై మక్కువ తల్లి అలమేలుమంగమ్మగారి వల్ల కలిగినది. బాల్యంలోనే మైసూరు చేరి, పరకాల మఠంలో సంస్కృత విద్య సాగించినారు. అక్కడ కట్టమంచి రామలింగారెడ్డిగారి పరిచయం వారి దృష్టిని తెలుగు సాహిత్యం వైపు మరల్చినది. 1912లో మహారాజా కళాశాలలో తెలుగు పండితులై, సుమారు 38 ఏండ్లు బోధించినారు. బిడారం కృష్ణప్ప వంటి విద్వాంసుల వద్ద సంగీతమూ నేర్చినారు. ఒక వంక వేమనను గూర్చి విమర్శ, గాథాసప్తశతికి తెలుగు సేత. మరొక వంక గానసాధన. ఈ రెండు విద్యలూ ఒక్కచోట చేరడమే తరువాతి కార్యానికి సాధనమైనది.

తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) 32,000 సంకీర్తనలు రచించినారని ప్రసిద్ధి. వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరచినారు. శతాబ్దాలపాటు మరుగునపడిన ఆ రేకులు 1922లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషితో వెలుగుచూసినవి. సుమారు 14,000 పాటలు మిగిలి ఉన్నవి. తిరుపతిలో వాటి పరిష్కరణకై శ్రమించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో కన్నుమూసినారు. ఆ భారం అప్పటికి యాభై ఏడేండ్ల వయసున్న శర్మగారి భుజాలపై పడినది.

పని సులభం కాదు. రేకు మీద పాటకు ముందు రాగం పేరు ఉంటుంది, స్వరం ఉండదు. తాళం కూడా తరచు కనబడదు. దేశాక్షి, రామక్రియ, సాళంగనాట వంటి రాగాలు కొన్ని గాయకుల వాడుకలో అరుదైపోయినవి. చెక్కినవారి పొరపాట్లు కొన్ని, నేటి నిఘంటువులకు అందని పల్లెపలుకులు కొన్ని. పాఠాన్ని సరిచూడడానికి పండితుడు కావలెను. ఆ పాఠం పాటగా నడవగలదో లేదో తెలియడానికి గాయకుడు కావలెను. శర్మగారు ఇద్దరూ తామే అయినారు.

ఇక్కడ ఒక ధర్మసందేహం కలుగుతుంది. పోయిన వరుస తిరిగి రాదు. కొత్త వరుస కడితే అది అన్నమయ్యది కాదు. కట్టకపోతే సంకీర్తన గ్రంథాలయంలో చదువుకొనే పద్యమై మిగిలిపోతుంది. శర్మగారు రెండవ నష్టమే పెద్దదని ఎంచినారు. వందకు పైగా కీర్తనలకు వరుసలు కూర్చి, స్వరలిపితో ప్రకటింపజేసినారు. స్వరలిపితో అచ్చుకావడంవల్ల మరొక మేలు కలిగినది. మాట ఎవరిదో, వరుస ఎవరిదో పాఠకునికి స్పష్టమైనది. ప్రాచీనమని చెప్పి తన కల్పనను చెలామణీ చేసే పాపానికి చోటు లేకపోయినది.

ఆ పాటలు క్రమంగా సభలకు, రేడియోకు, ఇండ్లకు చేరినవి. 1974లో మదరాసు సంగీత అకాడమీ వారిని సంగీత కళానిధిగా గౌరవించినది. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పినది. మరుసటి ఏడు, 1979 మార్చి 11న, శర్మగారు పరమపదించినారు.

గాదెలో దాచిన విత్తనం పంట కాదని మెట్టసీమ రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. వానరాక నిశ్చయం కాకున్నా అతడు విత్తుతాడు. రాళ్లపల్లివారు చేసినదీ అదే. ప్రాచీన గ్రంథాలను భద్రపరచడం విద్యార్థి నేర్వవలసిన మొదటి పాఠం. భద్రపరచినదానిని తిరిగి పలికించడం రెండవది. రెండవ పాఠం నేర్చినవారు అరుదు కనుకనే వారి పేరు నిలిచినది.