గీతకత్తి నుండి కోటకు: సర్వాయి పాపన్న

ఫ్రాన్సు దేశమున బోర్డో సీమలోని మేలైన ఎఱ్ఱ ద్రాక్షాసవము నేలమాళిగలలో దశాబ్దములు నిలువయుండి, రుచియు వెలయు పెంచుకొనును. దానిని సేకరించి ఆస్వాదించువారు సంపన్నులు. మన తాటికల్లు అట్టిది కాదు. ఉదయమున దించినది సాయంకాలమునకే పులిసిపోవును. దానిని దాచి విలువ పెంచుట ఎవరి తరమును కాదు. దినదినము చెట్టెక్కినగాని పొట్ట గడవని అట్టి గీతవృత్తి గల కుటుంబమున పుట్టి, మొగలు సుబేదారులకు కంటికి కునుకు లేకుండ జేసినవాడు సర్వాయి పాపన్న.

ఆతడు 1650లో జన్మించెనని జనశ్రుతి. నేటి జనగామ జిల్లాలోని ఖిలాషాపురము ఆతని సీమ. కులవృత్తిని వీడి కత్తి పట్టి, తాటికొండపై కోట గట్టి, బాటసారులను వర్తకులను కొల్లగొట్టెను. అధికారులు తరుమగా కౌలాసు జమీందారగు వెంకటరావు కొలువున జేరెను. అచటను దోపిడి మానక చెఱసాల పాలయ్యెను. జమీందారు కుమారుడు వ్యాధిగ్రస్తుడు కాగా, ఆ తల్లి పుణ్యార్థము ఖైదీల నెల్ల విడిపించెను. అట్లు బయటపడి షాపురమున రాతికోట నిర్మించెను. బంజారాల నుండి వేలకొలది ఎద్దులను పట్టి తెచ్చి సేద్యమునకు నియోగించెను. ఆతని దండులో హిందువులును ముస్లిములును, చేతివృత్తులవారును గలరు.

1707లో ఔరంగజేబు మరణించెను. వారసుల కలహములలో దక్కను పాలన సడలెను. అదను కనిపెట్టి పాపన్న 1708 ఏప్రిల్ 1న 2,000కు పైబడిన కాల్బలముతో, కొన్ని వందల గుఱ్ఱములతో ఓరుగల్లుపై బడి నగరమును దోచెను. పెక్కు కుటుంబములను చెఱపట్టెను. 1709లో బహదూర్‌షా హైదరాబాదునకు రాగా 14 లక్షల రూపాయలు సమర్పించి ఖిల్లతు పొందెను. కాని బందీల బంధువులు మొఱపెట్టుకొనిరి. కల్లుగీయువానికి దర్బారు మర్యాదయా యని ప్రముఖులు రోసిరి. పాదుషా మనసు మార్చుకొని, సుబేదారు యూసఫ్‌ఖానును ఆతనిపైకి పంప నాజ్ఞాపించెను.

పతనము ఇంటిలోనే మొదలయ్యెను. పాపన్న భార్య సోదరుడొకడు షాపురమున బందీగా నుండెను. ఆమె అన్నములో ఆకురాళ్లు దాచి పంపగా బందీలు సంకెళ్లు కోసికొని కోటను వశపఱచుకొనిరి. పాపన్న తాటికొండకు మరలెను. ముట్టడి నెలల తరబడి సాగెను. రెట్టింపు జీతమున కాసపడి కొందఱు సైనికులు శత్రువులతో గలసిరి, మందుగుండు తరిగెను. 1710లో మాఱువేషమున తప్పించుకొని హసనాబాదు చేరి, అచట కల్లుపాక కడ పట్టుబడెను. తల పాదుషా కడకు పంపబడెను. మొండెము హైదరాబాదు ద్వారమున వ్రేలాడదీయబడెను.

పారసీక చరిత్రకారుడు ఖాఫీఖాను ఆతనిని దొంగగా లిఖించెను. తెలుగు పల్లెలు వీరుడని పాడుకొనెను. ఆ గాథ 1874లో ఆంగ్ల పత్రిక కెక్కినది. ఓరుగల్లు తల్లుల కన్నీరును మఱచుట న్యాయము కాదు. అయినను దర్బారు ఆతని దోపిడీకంటె పుట్టుకనే యెక్కువ నేరముగా నెంచినదని మఱచుటయు న్యాయము కాదు. ఏ వృత్తిని ప్రభువులు ఈసడించిరో ఆ వృత్తినే గాయకులు ఆతని బిరుదుగా నిలిపిరి.