ఆటల రూపశిల్పి లిజ్జీ మేగీ

వైకుంఠపాళి, పచ్చీసు, అష్టాచెమ్మ మనకు తరతరాలుగా వచ్చిన ఆటలు. వాటిని మొదట కల్పించిన వారెవరో మనకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ కలుగలేదు. అచ్చుయంత్రము, పేటెంటు చట్టము, ప్రచురణ సంస్థ వచ్చిన పిమ్మట ఆట కూడ ఒక ఆస్తి అయినది. ఆ ఆస్తి ఎవరిది, దాని ఫలము ఎవరికి చెందవలెను అను ప్రశ్న పుట్టినది. అమెరికా దేశస్థురాలు ఎలిజబెత్ మేగీ జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగినది. మన ఇళ్లలో పిల్లలు నగరాలు కొని అద్దెలు వసూలు చేసే ‘బిజినెస్’ ఆటకు మాతృక మొనోపలీ. ఆ మొనోపలీకి మూలము ఈమె ఆలోచనయే.

లిజ్జీ అని అందరూ పిలిచిన ఈమె 1866లో ఇల్లినాయ్ రాష్ట్రములోని మెకాంబ్ పట్టణములో జన్మించినది. తండ్రి జేమ్స్ మేగీ పత్రికా సంపాదకుడు, బానిసత్వ నిర్మూలనవాది. తండ్రి ద్వారా ఆమెకు హెన్రీ జార్జ్ సిద్ధాంతముతో పరిచయము కలిగినది. భూమి ఏ ఒక్కరి శ్రమ వలనను పుట్టలేదు గనుక భూమి విలువపైననే పన్ను వేసి, తక్కిన పన్నులు తీసివేయవలెనని జార్జ్ వాదము. ఆమె వాషింగ్టన్‌లో స్టెనోగ్రాఫరుగా ఉద్యోగము చేస్తూ, సాయంవేళలలో ఈ సిద్ధాంతమును బోధించుచుండెడిది. 1893లో టైపురైటరుకు ఒక మెరుగుదల కనిపెట్టి పేటెంటు పొందినది.

ఉపన్యాసములు కొద్దిమందికే చేరును. ఆట ఇంటింటికి చేరునని ఆమె గ్రహించినది. అట్లు రూపొందినదే ‘లాండ్‌లార్డ్స్ గేమ్’, అనగా భూస్వామి ఆట. 1903లో దరఖాస్తు చేయగా 1904 జనవరి 5న పేటెంటు లభించినది. చదరపు పటము అంచుల చుట్టూ గడులు, నాలుగు రైలు మార్గములు, జైలు, ఒక చుట్టు పూర్తిచేసిన వారికి నూరు డాలర్ల వేతనము, ఇవన్నీ అందులోనే ఉన్నవి. ఆమె రెండు విధముల నియమములను ఏర్పరచినది. ఒకదానిలో ఒక్కడే అందరినీ దివాలా తీయించును. రెండవదానిలో సంపద అందరికీ పంచబడును. రెండూ ఆడి చూచినవారికి భేదము తానుగా తెలియునని ఆమె ఆశయము.

ప్రచురణకర్తలతో ఆమె వ్యవహారము దీర్ఘమైనది. 1906లో న్యూయార్కు నగరపు ఎకనామిక్ గేమ్ కంపెనీ ఈ ఆటను వెలువరించినది. ఆ సంస్థలో ఆమెకు భాగము కలదు. 1910లో పార్కర్ బ్రదర్స్ సంస్థ ఆమె ‘మాక్ ట్రయల్’ అనే పేకాటను అచ్చువేసినది. అదే సంవత్సరము ఆమె ఆల్బర్ట్ ఫిలిప్స్‌ను వివాహమాడినది. భూస్వామి ఆట మాత్రము అంగళ్లకన్న చేతివ్రాత పటముల ద్వారా ఎక్కువ వ్యాపించినది. డెలావేర్‌లోని ఆర్డెన్ పల్లె వాసులు, కళాశాలల వారు తమకు తామే పటములు గీసుకొని ఆడిరి. అట్లాంటిక్ సిటీలోని క్వేకర్లు తమ వీధుల పేర్లను గడులలో వ్రాసికొనిరి. మొదటి పేటెంటు గడువు తీరగా, 1924లో ఆమె సవరించిన ఆటకు రెండవ పేటెంటు పొందినది.

చేతులు మారుతూ వచ్చిన ఆ పటమును ఫిలడెల్ఫియాలో చార్లెస్ డారో అనే నిరుద్యోగి మిత్రుల వద్ద నేర్చుకొనెను. తనదిగా చెప్పి 1935లో పార్కర్ బ్రదర్స్‌కు విక్రయించెను. ప్రతి పెట్టెపై రాయల్టీ పొంది కోటీశ్వరుడయ్యెను. అయితే మేగీ పేటెంటు అడ్డుగా నిలిచినది. ఆ ఏడాదియే సంస్థాపకుడు జార్జ్ పార్కర్ స్వయముగా ఆర్లింగ్టన్‌లోని ఆమె ఇంటికి వెళ్లి ఆ పేటెంటు కొనెను. వెల అయిదువందల డాలర్లు, రాయల్టీ లేదు. తన ఆట ఇకనైనను దేశమంతట చేరునని ఆమె సంతసించినది.

చేరినది మొనోపలీ. అందులో అందరినీ దివాలా తీయించే నియమములే మిగిలినవి; పంచుకొనే నియమములు లేవు. 1936 జనవరిలో ఆమె వాషింగ్టన్ పత్రికల వారికి తన పటములను చూపి అసలు కథ వినిపించినది. సంస్థ 1937లో ఆమె ఆటలు మరి రెండు, 1939లో భూస్వామి ఆటను ప్రచురించినది; అవి మరుగున పడినవి. 1940 జనాభా లెక్కలలో ఆమె వృత్తి ఆటల తయారీ అని నమోదైనది. ఆదాయపు గడిలో సున్న. 1948లో ఆమె మరణించినది. ‘ఆంటీ మొనోపలీ’ అనే ఆటను చేసిన ఆచార్య రాల్ఫ్ ఆన్స్‌పాక్, 1974 నుండి నడిచిన వ్యాజ్యములో ఆమె పేటెంట్లను వెలికితీసిన పిదపనే ఆ పేరు మరల వినబడినది.

ఆ కొనుగోలు చట్టవిరుద్ధము కాదు. ఆమె అంగీకరించియే సంతకము చేసినది. కాని పేటెంటు కొన్నవాడు పేరును తుడిచివేయుట న్యాయమని మేము భావింపలేము. ఆమె విక్రయించినది హక్కును మాత్రమే. రేపు మన విద్యార్థులలో గ్రంథములు, యంత్రములు, చిత్రములు సృష్టించువారు ఉందురు. వారు సంతకము చేయుటకు ముందు మూడు విషయములు వ్రాతమూలకముగా అడుగవలెను: నా వాటా ఎంత, నా పేరు ఎక్కడ ఉండును, నా ఉద్దేశమును మార్చు అధికారము ఎవరిది? లిజ్జీ మేగీ జీవితము ఈ మూడింటి విలువను మనకు నేర్పుచున్నది.