మెకానిక్ షెడ్డు నుంచి మేఘాల దాకా



సరిగ్గా చదవకపోతే మెకానిక్ షెడ్డులో చేరుస్తానని పిల్లల్ని బెదిరించడం మనలో చాలామందికి అలవాటు. ఈసారి ఆ మాట నోటిదాకా వస్తే, బెర్ట్ హింక్లర్‌ను ఒక్కసారి గుర్తు చేసుకోండి.

ఆయన 1892 డిసెంబర్ 8న ఆస్ట్రేలియాలోని బండబెర్గ్ అనే ఊళ్లో పుట్టాడు. చెరకు తోటలు, చక్కెర మిల్లుల ఊరు అది. బడి దగ్గరి చెరువు మీద ఐబిస్ పక్షులు ఎగురుతుండేవి. మన చెరువుల దగ్గర కనిపించే తెల్ల కంకణాలు వాటికి దగ్గరి చుట్టాలే. అవి రెక్కలు ఎలా విప్పుతున్నాయో, గాలిలో ఎలా తేలుతున్నాయో ఆ పిల్లవాడు శ్రద్ధగా గమనించేవాడు. మీ పిల్లవాడు కిటికీలోంచి పిట్టను చూస్తూ కూర్చుంటే మీరేమంటారు?

హింక్లర్ చూసి ఊరుకోలేదు. సొంతంగా గ్లైడర్ తయారుచేసి, 1912లో మోన్ రెపో సముద్రతీరాన దానిమీద ఎగిరాడు. అప్పటికి ఆయనకు 19 ఏళ్లు. విమాన ప్రదర్శనలు ఇచ్చే ఆర్థర్ స్టోన్ అనే పైలట్ దగ్గర మెకానిక్‌గా కుదిరాడు. తర్వాత ఇంగ్లండ్ చేరి, సాప్‌విత్ విమానాల కంపెనీలో పనిచేశాడు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటిష్ నౌకాదళ విమాన విభాగంలో చేరాడు. కానీ పైలట్ సీటు దొరకలేదు. ఇంజిన్లు చూసుకున్నాడు, విమానంలో గన్నర్‌గా ఫ్రాన్స్, బెల్జియం మీద ఎగిరాడు. పేలిన తూటాల వేడి గొట్టాలు గన్నర్ మీద పడకుండా పక్కకు మళ్లించే పరికరం తయారుచేశాడు. డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ అందుకున్నాడు. 1918లో పైలట్ అయ్యాకే ఇటలీలో విమానం నడిపాడు. కోరుకున్న సీటు కోసం నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ చేతిలో ఉన్న పనిని చిన్నచూపు చూడలేదు.

యుద్ధం తర్వాత ఆవ్రో కంపెనీలో టెస్ట్ పైలట్ అయ్యాడు. 1921లో సిడ్నీ నుంచి ఎక్కడా ఆగకుండా సొంత ఊరికి ఎగిరి, విమానాన్ని వీధిలో నడిపించుకుంటూ తల్లి ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్లాడు.

1928 ఫిబ్రవరి 7న లండన్ దగ్గరి క్రాయిడన్‌లో చిన్న విమానంలో ఒంటరిగా బయలుదేరాడు. దారి చూపడానికి మామూలు అట్లాస్ పటాలే ఆధారం. కరాచీ, కాన్పూర్, కలకత్తా మీదుగా ఫిబ్రవరి 22న ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో దిగాడు. అంతకుముందు ఈ ప్రయాణానికి 28 రోజుల రికార్డు ఉండేది. వెంట మెకానిక్ ఎవరూ లేరు, ఆయనే మెకానిక్. షెడ్డులో నేర్చిన పనే దారి పొడవునా ఆయనకు తోడు.

అన్నీ విజయాలే అనుకోకండి. చిన్ననాటి పక్షి పేరుతోనే ఐబిస్ అనే విమానాన్ని రూపొందించాడు. ప్రపంచమంతా ఆర్థికమాంద్యంలో ఉన్న కాలం, కొనేవారు లేకపోయారు. అయినా ఆగలేదు. 1931లో దక్షిణ అట్లాంటిక్ సముద్రాన్ని ఒంటరిగా విమానంలో దాటిన తొలి వ్యక్తి అయ్యాడు. 1933 జనవరి 7న మళ్లీ ఆస్ట్రేలియాకు ఎగురుతూ ఇటలీ కొండల్లో కూలిపోయాడు. నెలల తర్వాత గానీ ఆయన భౌతికకాయం దొరకలేదు. ఫ్లోరెన్స్‌లో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. అప్పటికి ఆయనకు 40 ఏళ్లు.

బండబెర్గ్ ఆయన్ని మరువలేదు. ఇంగ్లండ్‌లో ఆయన నివసించిన ఇంటిని విడదీసి, ఓడలో తెచ్చి, 1983లో ఆ ఊళ్లో మళ్లీ నిలబెట్టారు. ఆయన గ్లైడర్‌లోని చిన్న చెక్కముక్క 1986లో చాలెంజర్ అంతరిక్షనౌకలో వెళ్లింది. ఆ నౌక పేలిపోయినా చెక్కముక్క దొరికింది. ఇప్పుడు బండబెర్గ్ మ్యూజియంలో ఉంది.

మార్కులు ముఖ్యమే, కాదనం. కానీ ఈ ఆదివారం సైకిల్ చైన్ ఊడితే షాపుకు తీసుకెళ్లకండి. స్పానర్ మీ అమ్మాయికో అబ్బాయికో ఇచ్చి, మీరు పక్కన కూర్చోండి. చేతికి గ్రీజు అంటితే సబ్బుతో పోతుంది. చేత్తో నేర్చుకున్నది మాత్రం ఉండిపోతుంది.